పొలిమేరకు నగరం వచ్చినప్పుడు: వెంచర్లా, పూలింగా, టీపీ స్కీమా, హద్దు గీతా?

హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు దాటి ఏ హైవే పట్టుకున్నా ఒకటే దృశ్యం. షాద్‌నగర్ వైపు పోయినా, భువనగిరి వైపు పోయినా, సంగారెడ్డి వైపు పోయినా అంతే. ముందు పెద్ద ఆర్చి ఉంటుంది. లోపల సీసీ రోడ్డు, దానికి రెండు వైపులా వాడిపోయిన పామ్ మొక్కలు, కరెంటు స్తంభాలు, తెల్ల సున్నం కొట్టిన హద్దు రాళ్లు. ఇళ్లు మాత్రం వెతుక్కోవాలి. ఎక్కడో ఒక మూల గదికి రేకులు వేసి వాచ్‌మన్ కుటుంబం ఉంటుంది. మిగతాదంతా సర్కారు తుమ్మ.

అమెరికాలో నగరం చెదిరిపోయిందంటే, అంటే పొలిమేర దాటి దూరదూరంగా పరుచుకుందంటే, ఇళ్లు చెదిరిపోయాయని అర్థం. మన దగ్గర చెదిరిపోయేది ఇళ్లు కాదు, ప్లాట్లు. పంట ఆగిపోయి పదేళ్లవుతుంది, ఇల్లు లేవడానికి మరో పదిహేనేళ్లు పడుతుంది. మధ్యలో ఆ భూమి ఎవరికీ అన్నం పెట్టదు, నీడా ఇవ్వదు. మా పెద్దనాన్న తన మూడెకరాలు అమ్మేశాక ఒకసారి అటు తీసుకుపోతే, "బిడ్డా, అమ్మింది నేనే గానీ, కొన్నోడు కూడా దీంట్లో లేడు గదరా" అన్నాడు. సమస్యంతా ఆ మాటలోనే ఉంది.

ఈ వ్యాసం పొలిమేర ఊళ్ల కోసం. మీరు వార్డు మెంబరో, సర్పంచో, కాలనీ సంఘం కార్యదర్శో, రెండెకరాల పట్టాదారో అయి ఉండవచ్చు. నగరం రాకుండా ఆపడం మీ చేతిలో లేదు. హైదరాబాద్‌లో 2007లో 12 మున్సిపాలిటీలు, 8 గ్రామ పంచాయతీలను కలిపి జీహెచ్ఎంసీ చేశారు. 2025 చివర్లో ఇంకో 27 మున్సిపాలిటీలు, కార్పొరేషన్లు కలిశాయి. హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ, అంటే హెచ్ఎండీఏ, పరిధి ఇప్పుడు 10,000 చదరపు కిలోమీటర్లు దాటింది. రేపో మాపో మీ ఊరి వంతు. ఎలా కలవాలన్నది మాత్రం కొంతవరకు మీరు ఎంచుకోవచ్చు: ప్రైవేటు ప్లాట్ల వెంచర్లు, సర్కారు భూమి తీసుకుని ప్లాట్లు తిరిగిచ్చే పూలింగ్, గట్లు చెరిపి భూమిని మళ్లీ పంచే టీపీ స్కీమ్, నగరం దాటకూడని హద్దు గీత.

ముందు ఒక చిన్న లెక్క

ఏ దారి మంచిదో తేల్చడానికి నా దగ్గర ఉన్న కొలబద్ద ఒక్కటే: ఒక్కో ఇంటికి ఎంత రోడ్డు, ఎంత పైపు మోయాలి?

200 గజాల ప్లాటు తీసుకోండి. ముందు 30 అడుగులు, లోపలికి 60 అడుగులు. రోడ్డుకు రెండు వైపులా ఇళ్లుంటాయి కాబట్టి ఒక్కో ఇంటి వంతుకు 15 అడుగుల రోడ్డు, 15 అడుగుల మంచినీటి పైపు, 15 అడుగుల డ్రైనేజీ. ఇది అన్ని ప్లాట్లలో ఇళ్లు కడితే. పదింటిలో ఒక్కదాంట్లోనే ఇల్లు లేస్తే ఆ ఒక్క ఇంటి వంతుకు 150 అడుగులు. అవే నాలుగు ప్లాట్లు పక్కపక్కన కలిపి, కింద పార్కింగుకు స్తంభాలు వదిలి (స్టిల్టు), దాని మీద ఐదంతస్తులు లేపి 20 ఫ్లాట్లు కడితే, ఒక్కో కుటుంబం వంతు 3 అడుగులు.

వీధిదీపం, చెత్త బండి, స్కూలు బస్సు, అంబులెన్సు అన్నీ ఈ అడుగుల మీదే నడుస్తాయి. మున్సిపాలిటీకి ఇంటి పన్ను కట్టేది ఇళ్లు, ఖాళీ ప్లాట్ల నుంచి వచ్చేది నామమాత్రం. అందుకే ఊరు మున్సిపాలిటీ అయిన పదేళ్లకు కూడా ట్యాంకరు మీదే బతుకుతుంటుంది. అధికారులను తిట్టుకుంటాం గానీ, 150 అడుగుల పైపును ఒక ఇంటి పన్నుతో ఏ అధికారీ వేయలేడు.

వెంచర్ల దారి: ఏమీ ఎంచుకోకపోతే వచ్చేది ఇదే

దీన్ని దూషించడం సులువు. కానీ న్యాయంగా మాట్లాడుకుందాం. ప్రైవేటు ఉద్యోగికి, చిన్న దుకాణదారుకు 150 గజాలు దొరుకుతోందంటే ఈ వెంచర్ల వల్లే. రైతుకు డబ్బు ఒకేసారి చేతికొస్తుంది. ఏ సర్కారు స్కీమూ ఇంత వేగంగా నడవదు.

లోపం వెంచర్ లోపల ఉండదు, రెండు వెంచర్ల మధ్య ఉంటుంది. అనుమతి ఉన్న లేఅవుట్‌లో 30, 40 అడుగుల రోడ్లుంటాయి, పదో వంతు ఖాళీ స్థలం వదులుతారు. ఐదెకరాల వెంచర్, పక్కన ఎనిమిదెకరాల వెంచర్, ఆ పక్కన మరొకటి. దేని లెక్క దానికి సరిగ్గానే ఉంటుంది. కానీ ఒకదాని రోడ్డు ఇంకోదాని గోడకు తగులుతుంది. బస్సు పట్టే 80 అడుగుల రోడ్డు ఎవరి ప్లానులోనూ ఉండదు, ఎందుకంటే అది ఎవరి భూమీ కాదు. వాన నీళ్లు పోయే దారి కూడా అంతే. కుంట అలుగు నుంచి కిందికి పోయే కాలువ ఒకరి నక్షలో రోడ్డవుతుంది, మరొకరి నక్షలో మాయమవుతుంది. 2020 అక్టోబరు వానలకు హైదరాబాద్‌లో మునిగిన కాలనీల్లో చాలావాటి కథ ఇదే.

ఇక అనుమతి లేనివాటి సంగతి. లేఅవుట్ల క్రమబద్ధీకరణ, మనందరి నోట్లో ఎల్ఆర్ఎస్, మొదట 2008లో, తర్వాత తెలంగాణలో 2015లో, మళ్లీ 2020లో వచ్చింది. ఒక్క 2020లోనే 25 లక్షలకు పైగా దరఖాస్తులు. పార్కు స్థలం వదలని లేఅవుట్ అయితే ప్లాటు విలువలో 14 శాతం ఓపెన్ స్పేస్ చార్జీ కట్టాలి. కట్టాక కాగితం వస్తుంది, పార్కు రాదు. ఆ స్థలం మీద ఎప్పుడో ఇళ్లు లేచాయి. ఎల్ఆర్ఎస్ మళ్లీ వస్తుందన్న నమ్మకమే తర్వాతి అక్రమ వెంచర్‌కు పెట్టుబడి.

మా కాలనీ లేఅవుట్‌లో పార్కు అని పచ్చరంగు వేసి చూపిన 600 గజాలు, ఎనిమిదేళ్లకు మూడు ప్లాట్లుగా రిజిస్ట్రేషన్ అయిపోయాయి. గిఫ్ట్ డీడ్ పంచాయతీ పేరు మీద చేయించారా అని మేం ఎవరం అడగలేదు. ఆ టెన్షన్ మీకు వద్దనుకుంటే, వెంచర్ ఓపెనింగ్‌కు ముందే పంచాయతీ చేతిలో ఉండాల్సిన కాగితం అదొక్కటే: రోడ్లు, ఖాళీ స్థలం గిఫ్ట్ డీడ్.

ఫామ్ ప్లాట్ల పేరుతో గుంటల లెక్కన అమ్మేవి దీనికన్నా కనాకష్టం. గుంటంటే 121 గజాలు. వ్యవసాయ భూమిగా రిజిస్టరవుతుంది కాబట్టి లేఅవుట్ నిబంధన వర్తించదని చెబుతారు. నిజానికి అక్కడ సాగూ ఉండదు, రోడ్డూ ఉండదు.

ల్యాండ్ పూలింగ్: అమరావతి నేర్పినవి

భూసేకరణ గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. 2013 చట్టం ప్రకారం పట్టణాల్లో విలువకు రెండు రెట్లు, గ్రామాల్లో నాలుగు రెట్ల వరకు పరిహారం ఇవ్వాలి. ఒక రోడ్డుకో, ఒక రిజర్వాయరుకో అది పనికొస్తుంది. ఊరి మొత్తం ఎదుగుదలకు పనికిరాదు. సర్కారు దగ్గర అంత డబ్బూ ఉండదు, ఆ భూమి తర్వాత పెరిగే ధరలో రైతుకు వాటా కూడా దక్కదు.

ఈ రెండు సమస్యలకూ జవాబుగా వచ్చిందే పూలింగ్. రైతు భూమి ఇస్తాడు. సర్కారు రోడ్లు, పైపులు, కరెంటు వేసి, కొంత భాగం ప్లాట్లుగా తిరిగి ఇస్తుంది. హైదరాబాద్‌లో ఉప్పల్ భగాయత్ దీనికి పాత ఉదాహరణ. అక్కడ ఎకరాకు 1,000 గజాల అభివృద్ధి చేసిన స్థలం అని ఒప్పుకున్నారు. రైతులు భూములిచ్చింది 2005 ప్రాంతంలో, ఆ లేఅవుట్‌లో మిగిలిన ప్లాట్లు వేలానికొచ్చింది 2019లో.

పెద్ద పరీక్ష మాత్రం అమరావతి. 2014 రాజధాని ప్రాంత అభివృద్ధి సంస్థ (సీఆర్‌డీఏ) చట్టం తర్వాత 2015 మొదట్నుంచి కొద్ది నెలల్లోనే 33,000 ఎకరాలకు పైగా వచ్చింది. ఇంత తక్కువ గొడవతో అంత భూమి కలవడం మామూలు విషయం కాదు. షరతులు స్పష్టంగా ఉండటం దానికి ఒక కారణం. మెట్ట భూమికి ఎకరాకు 1,000 గజాల ఇంటి స్థలం, 250 గజాల వాణిజ్య స్థలం. జరీబు, అంటే ఏటి పక్కన నీళ్లున్న సారవంతమైన భూమికి, 1,000, 450. ప్లాటు వచ్చేదాకా తిండి గడవడానికి పదేళ్లపాటు కౌలు: మెట్టకు ఏడాదికి ఎకరాకు 30,000 రూపాయలు, జరీబుకు 50,000, ఏటేటా పదో వంతు పెంపు. భూమి లేని కూలి కుటుంబాలకు నెలకు 2,500 పెన్షన్. కూలీల పేరు ఒప్పందంలోకి రావడం నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన అంశం. మామూలు వెంచర్ బేరంలో వాళ్ల ఊసే ఉండదు.

ఇక మిగతా సగం. 2019 డిసెంబరులో మూడు రాజధానుల ప్రకటన వచ్చింది, పనులు ఆగిపోయాయి. రైతు చేతిలో పొలమూ లేదు, ప్లాటూ లేదు. 2022 మార్చిలో హైకోర్టు మూడు నెలల్లో ప్లాట్లు అభివృద్ధి చేసి ఇవ్వమని చెప్పినా, పని మళ్లీ కదిలింది 2024లో సర్కారు మారాకే. భూమి ఇచ్చిన రైతు అసలు పెట్టుబడి పెట్టింది భూమిని కాదు, కాలాన్ని. పూలింగ్‌లో సాగు మానేయాలి. అందుకే ఆ కాలం సాగే కొద్దీ నష్టం పెరుగుతుంది.

లాటరీ ఇంకో చిక్కు. మీ పొలం ఊరి మొగదల ఉన్నా, ప్లాటు ఇంకెక్కడో రావచ్చు. ఎకరం 4,840 గజాలైతే 1,250 తిరిగి రావడమంటే నాలుగో వంతు. రాజధాని ధర వస్తుందనే ఆశ లేకపోతే ఆ బేరం కుదరదు. కాబట్టి ఎవరైనా మీ ఊరికి పూలింగ్ తెచ్చినప్పుడు 'ఎకరాకు ఎన్ని గజాలు' అన్న ప్రశ్న దగ్గరే ఆగిపోవద్దు. ఏ తేదీకల్లా, ఆలస్యమైతే ఎంత, మధ్యలో ఎవరు కౌలు ఇస్తారు, కౌలు రైతులకూ కూలీలకూ ఏమిటి, సర్కారు పేదలకిచ్చిన అసైన్డ్ పట్టాలకు సమాన వాటా ఉందా అని అడగండి. ఒక పార్టీ పట్టుదల మీద నిలబడిన స్కీమ్ అయితే, వచ్చే ఎన్నికలు ఎప్పుడో కూడా లెక్కేసుకోండి.

టీపీ స్కీమ్: మనం పట్టించుకోని దారి

టౌన్ ప్లానింగ్ స్కీమ్ కొత్తది కాదు. 1915 బొంబాయి చట్టం నుంచి ఉంది. మహారాష్ట్రలో కాలక్రమంలో దాదాపు మూలన పడితే, గుజరాత్ దాన్ని 1976 చట్టంతో నిలబెట్టుకుంది. అహ్మదాబాద్ పొలిమేరల్లో చాలా భాగం ఇలాగే పెరిగింది. అక్కడి 76 కిలోమీటర్ల సర్దార్ పటేల్ రింగు రోడ్డుకు కావలసిన భూమిలో ఎక్కువ భాగం ఈ స్కీముల ద్వారానే వచ్చింది.

పని తీరు ఇది. సుమారు 100 హెక్టార్లు, అంటే 250 ఎకరాల ముక్కను తీసుకుంటారు. అందులోని సర్వే నంబర్లన్నీ ఒక పటం మీద పెడతారు. వంకరటింకర గట్లు చెరిపి, రోడ్లు గీసి, ప్రతి యజమానికీ చక్కని ఆకారంలో కొంచెం చిన్న ప్లాటు ఇస్తారు, వీలైనంతవరకు పాత భూమి ఉన్నచోటే. రోడ్లకు, పార్కులకు, స్కూళ్లకు, పేదల ఇళ్లకు, స్కీమ్ నడిపే అభివృద్ధి సంస్థ అమ్ముకోవడానికి కలిపి దాదాపు 40 శాతం పోతుంది. మిగతా 60 శాతం రైతుది. స్కీమ్ వల్ల పెరిగిన విలువలో కొంత భాగాన్ని రుసుముగా కట్టాలి. 1999 సవరణ తర్వాత, ముసాయిదాకు ఆమోదం రాగానే రోడ్ల భూమి స్వాధీనం చేసుకునే వీలు కలిగింది. మిగతా తగాదాలు తర్వాత తీరుతాయి. నా దృష్టిలో ఈ పద్ధతికి గుండెకాయ ఆ సవరణే. రోడ్డు ముందు వచ్చి, ప్లాటు వెనక వస్తుంది.

పూలింగ్‌తో పక్కపక్కన పెట్టి చూడండి. అక్కడ భూమి మొత్తం సర్కారుకు పోయి నాలుగో వంతు తిరిగొస్తుంది, ఇక్కడ చేతిలోంచి పోయేదే తక్కువ. అక్కడ లాటరీ, ఇక్కడ పాత చోటు. అక్కడ స్కీమ్ ఆగితే రైతు రోడ్డున పడతాడు, ఇక్కడ ఆగినా భూమి పేరు మీదే ఉంటుంది. అక్కడ మాత్రం చేతికొచ్చే ప్లాటుకు పైపులు, కేబుళ్లు అన్నీ ఉంటాయన్న హామీ ఉంది. ఇక్కడ రోడ్డు వచ్చాక మురుగు కాలువ రావడానికి ఏళ్లు పట్టవచ్చు.

లోటుపాట్లూ చెప్పాలి. తుది స్కీమ్ ఖరారు కావడానికి చాలా ఏళ్లు పడుతుంది. సర్వే రికార్డులు శుభ్రంగా లేకపోతే అడుగు పడదు. ధరణి కాలంలో ఒక తప్పు సర్వే నంబరు దిద్దించుకోవడానికి తిరిగిన వాళ్లకు ఈ మాట ఎందుకంటున్నానో తెలుసు. ఇంకొకటి, టీపీ స్కీమ్ భూమిని చక్కగా కోస్తుంది గానీ, నగరం ఎంత దూరం పోవాలో చెప్పదు. అహ్మదాబాద్ కూడా పరుచుకుంటూనే పోయింది, కాకపోతే వరుసగా.

సీఆర్‌డీఏ చట్టంలో పూలింగ్‌తోపాటు టీపీ స్కీమ్‌కూ చోటు పెట్టారు. ఆ తలుపు తీసింది మాత్రం తక్కువ.

దీనికి దగ్గరలో ఇంకో నమూనా ఉంది. పుణె పొలిమేరలో మగర్‌పట్ట రైతులు సుమారు 120 కుటుంబాలు, 400 ఎకరాలకు పైగా కలిపి తామే ఒక కంపెనీ పెట్టుకున్నారు. భూమి ఎంతో షేర్లు అంత. అమ్మేసి పోకుండా ఆ నగరానికి వాళ్లే యజమానులయ్యారు. వినడానికి చాలా బాగుంటుంది. అక్కడ చుట్టరికాలతో అల్లుకున్న ఊరు, మాట వినే పెద్దలు ఉన్నారు. అన్నదమ్ముల గట్టు తగాదా మూడు తరాలుగా కోర్టులో నలుగుతున్న ఊళ్లో దీన్ని ప్రయత్నించవద్దు.

హద్దు గీత: పోర్ట్‌లాండ్, మన 111 జీవో

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 1973లో చట్టం చేసింది: ప్రతి పట్టణం తన చుట్టూ ఎదుగుదల హద్దు గీసుకోవాలి. గీత లోపల కట్టుకోవచ్చు, బయట పొలం పొలంగానే ఉండాలి. పోర్ట్‌లాండ్ గీత 1979 నాటిది. మన దగ్గర దీని ప్రస్తావన వస్తే 'అదంతా అమెరికాలో' అంటారు. మనం అంతకన్నా గట్టి గీత గీసిన సంగతి మరిచిపోతుంటాం.

1908 మూసీ వరద తర్వాత విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. ఒకటి 1920లో, ఇంకోటి 1927లో పూర్తయ్యాయి. ఆ జలాశయాలకు వచ్చే నీళ్లు పాడవకూడదని 1996లో 111 జీవో వచ్చింది. 10 కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాలు, దాదాపు 1.32 లక్షల ఎకరాలు. పరిశ్రమలు, పెద్ద హోటళ్లు, కాలనీలు అన్నిటికీ అడ్డు. పాతికేళ్లు ఆ గీత ఉంది. గీత ఇవతల కోకాపేట, నార్సింగి ఆకాశానికి లేచాయి. గీత అవతల రైతు, కూతురి పెళ్లికి ఎకరం అమ్మబోతే అదే మట్టికి పక్క ఊరి ధరలో కొంతే పలికింది. ఈలోగా ఫామ్‌హౌసుల గోడలు మాత్రం లేచాయి. 2022లో ఆంక్షలు సడలిస్తూ జీవో 69 తెచ్చినప్పుడు ఆ ఊళ్లలో బాణసంచా కాల్చారంటే వాళ్లను తప్పుపట్టలేను. చెరువు తాగునీళ్లు తాగింది నగరం, ధర చెల్లించింది 84 ఊళ్లు.

రెండు గీతల మధ్య తేడా ఇక్కడే. పోర్ట్‌లాండ్ గీత రాయి మీద చెక్కింది కాదు. రాబోయే 20 ఏళ్ల ఇళ్లకు సరిపడా భూమి లోపల ఉందా లేదా అని నిర్ణీత కాలానికోసారి లెక్కేస్తారు. లేకపోతే గీత జరుపుతారు. ఆ పని చేసేది ఎన్నికైన ప్రాంతీయ సంస్థ. పైగా 2019లో ఒరెగాన్ ఇంకో చట్టం తెచ్చి, ఒంటరి ఇళ్ల వీధుల్లోనూ రెండు, నాలుగు వాటాల ఇళ్లు కట్టుకోనిచ్చింది. బయట తలుపు మూసినప్పుడు లోపల గది చూపించాలి కదా. అయినా అక్కడ ఇళ్ల ధరలు మండిపోతున్నాయని గొడవ ఉంది. గీతే కారణమా, వేరే కారణాలున్నాయా అన్న వాదన ఇంకా తెగలేదు.

నా అభిప్రాయం: ఊరంతటికీ గీత గీయడం మన దగ్గర నిలవదు. నీళ్లకు మాత్రం గీయక తప్పదు. చెరువు ఎఫ్‌టీఎల్ (నిండుగా ఉన్నప్పుడు నీళ్లు వచ్చే హద్దు), దాని చుట్టూ వదిలే బఫర్ (10 హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువుకు 30 మీటర్లు, చిన్న కుంటకు 9 మీటర్లు), అలుగు కాలువలు, వాగులు. ఈ గీతలో పట్టా భూమి పోయిన రైతుకు టీడీఆర్ ఇవ్వాలి, అంటే ఇక్కడ కోల్పోయిన నిర్మాణ హక్కును వేరేచోట అమ్ముకునే పత్రం. హైదరాబాద్‌లో రోడ్ల వెడల్పుకు ఇది ఎప్పట్నుంచో వాడుతున్నారు. పరిహారం లేని గీతను చెరిపేయడానికి ప్రతి ఎన్నికల్లో ఒకరు వస్తారు.

పైకి పెరిగితే చాలా?

పరుచుకోవడం వద్దంటే పైకి పోదాం అనడం సహజం. హైదరాబాద్‌లో 2006 నాటి 86 జీవో నుంచి ఎఫ్ఎస్ఐ పరిమితి, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టవచ్చన్న లెక్క, లేదు. రోడ్డు వెడల్పు, చుట్టూ వదిలే జాగా ఉంటే ఎన్ని అంతస్తులైనా లేపవచ్చు. ముంబైలో, బెంగళూరులో ఇంత స్వేచ్ఛ లేదు. ఫలితంగా ఇళ్ల సరఫరా బాగా పెరిగింది. నా లెక్కలోని 3 అడుగుల కన్నా తక్కువ పైపుతో కుటుంబాలు సర్దుకుంటున్నాయి.

కానీ ఎత్తుకు చోటుతో సంబంధం తెగిపోయింది. నలభై అంతస్తులు లేచిన చోటికి మెట్రో లేదు. 69 కిలోమీటర్ల మెట్రో పోయిన ఉప్పల్, మియాపూర్, ఎల్బీనగర్ స్టేషన్ల వెనక వీధుల్లో ఇప్పటికీ రెండంతస్తుల ఇళ్లు, ఖాళీ షెడ్లు. టవర్‌లో వెయ్యి కుటుంబాలుంటే ఉదయం ఎనిమిదింటికి వెయ్యి కార్లు ఒకే గేటు నుంచి వస్తాయి. నిలువుగా పెరిగినా ఇదీ చెదిరిపోవడమే.

పేదల ఇళ్ల దగ్గర ఇంకా స్పష్టంగా కనబడుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020లో పట్టణాల్లో సెంటు, పల్లెల్లో సెంటున్నర చొప్పున స్థలాలిచ్చారు. తెలంగాణలో కొల్లూరులో ఒకేచోట 15,660 డబుల్ బెడ్‌రూం ఇళ్లు లేపారు. ఒకటి అడ్డంగా, ఒకటి నిలువుగా. పద్ధతులు పూర్తిగా వేరు, కష్టం ఒకటే: ఇళ్లలో పని చేసుకునే ఆడమనిషి తెల్లారి లేచి ఎన్ని కిలోమీటర్లు పోవాలి, బస్సు ఉందా?

కాబట్టి ఎత్తు కావాలా అని అడగకండి. స్టేషన్ నుంచి, పెద్ద బస్టాండు నుంచి పది నిమిషాల నడకలో నాలుగైదు అంతస్తులు వస్తే చాలు. పొలిమేరలో నలభై అంతస్తులు తెచ్చే మేలు కన్నా అది ఎక్కువ.

మరి మీకు ఏది?

నగరం ఇంకా పది, పదిహేను కిలోమీటర్ల దూరంలో ఉండి, భూమి ఇంకా రైతుల చేతుల్లోనే ఉంటే, టీపీ స్కీమే అడగండి. ఎవరూ తేకపోతే, కనీసం దాని ఆత్మను తెచ్చుకోండి. మాస్టర్ ప్లాన్‌లో మీ ఊరి మీదుగా గీసిన 60, 100 అడుగుల రోడ్లు ఎక్కడెక్కడ పోతున్నాయో పంచాయతీ గోడ మీద పెయింటు వేయించండి. హెచ్ఎండీఏ 2031 మాస్టర్ ప్లాన్‌లో అవి ఉన్నాయి. చాలామంది సర్పంచులు ఎన్నడూ తెరిచి చూడలేదు, అంతే. ఆ గీత మీద ప్లాటు పడే వెంచర్‌కు అభ్యంతరం రాసి పంపితే, పదేళ్ల తర్వాత పగలగొట్టాల్సిన ఇళ్లు తగ్గుతాయి.

ఊళ్లో సగం ఇప్పటికే వెంచర్లయిపోయి ఉంటే, టీపీ స్కీమ్, పూలింగ్ రెండూ మరిచిపోండి. రెండు వేల మంది ప్లాటుదారులు దేశమంతా, కొందరు అమెరికాలో ఉంటారు, వాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టలేరు. మీ డబ్బు, పోరాటం రెండూ లింకు రోడ్ల మీద పెట్టండి. ఏ రెండు వెంచర్ల మధ్య గోడ కొడితే బస్సు తిరుగుతుందో చూడండి. అలాంటివి ఊరికి మూడో నాలుగో ఉంటాయి.

పెద్ద ప్రభుత్వ ప్రాజెక్టు ఖాయంగా వస్తుంటే, అంటే డబ్బు మంజూరై, టెండరు పిలిచి ఉంటే, పూలింగ్ ఆలోచించదగ్గదే. ప్రకటన మాత్రమే ఉంటే ఆగండి. ఇల్లు గడవడానికి వేరే ఆదాయం లేని కుటుంబం ఏ పూలింగ్‌లోనైనా మొత్తం భూమి పెట్టకూడదని నా గట్టి సలహా. ఎకరం ఉంచుకోండి.

చెరువు కింద ఊరైతే ముందు నీటి గీత, మిగతావన్నీ తర్వాత.

చిన్న పట్టణం పక్కన ఉన్న ఊరైతే అంత హడావుడి అవసరమే లేదు. ఆ పట్టణం లోపల పాత మార్కెట్ వెనక, మూతపడ్డ రైసు మిల్లుల్లో, బస్టాండు చుట్టూ ఇంకా బోలెడు జాగా ఉంటుంది. అక్కడ నిండకుండానే బైపాస్ మీద వెంచర్లు వేస్తున్నారంటే కొనేది ఉండటానికి కాదు.

ఇక రెండెకరాల రైతు. అమ్మేయాలా, డెవలప్‌మెంట్‌కు ఇవ్వాలా అని అందరూ అడుగుతారు. మీ పొలానికి చట్టబద్ధమైన దారి ఉందో లేదో ముందు తేల్చుకోండి. బండ్ల బాట నక్షలో ఉందా, నలుగురి మాట మీద నడుస్తోందా? దారి లేని పొలానికి ఏ దారిలోనూ ధర రాదు. పక్కవాళ్లు ఐదుగురితో కలిసి పదిహేనెకరాలు ఒకేసారి లేఅవుట్‌కు ఇస్తే, ముక్కలుగా ఇచ్చిన దానికన్నా మంచి రోడ్డు, నిజమైన పార్కు వస్తాయి. బేరమాడే బలమూ వస్తుంది. ఎంత వాటా అన్నది తర్వాత సంగతి.

ఈసారి గ్రామసభకు పోయేముందు ఒక పని చేయండి. తహసీల్దారు ఆఫీసు నుంచి ఊరి నక్ష నకలు తెచ్చుకుని, కుంటలు, వాగులు, అలుగు కాలువలు నీలం పెన్నుతో, డొంకలు, బండ్ల బాటలు ఎర్ర పెన్నుతో దిద్దండి. వాటి మీద ఇప్పటికే లేచిన వెంచర్లను పెన్సిలుతో గీయండి. ఊళ్లో డెబ్బై దాటిన ఇద్దరు ముగ్గురిని పక్కన కూర్చోబెట్టుకుంటే రికార్డులో లేని నీటి దారులు కూడా బయటికొస్తాయి. నక్ష జిరాక్స్ మాత్రం పెద్ద సైజులో తీయించండి. ఏ4 కాగితం మీద కుంటలు కనబడవు.